పన్నెండో పేరు కోసం నంద్యాలకు

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో గంట పడుతుంది. ఆ గంట ప్రయాణానికి నేను పాతికేళ్లు ఆలస్యంగా బయలుదేరాను. కారణం పెద్దదేం కాదు. నాకు చదువు రాదు.

ఇప్పుడు వచ్చు. అరవై దాటాక నేర్చుకున్నాను. నేర్పింది మాబుసాబు. మా ఊళ్లో అంగళ్లకు బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి అతని కుంచె ఎండిపోయాక, పొద్దున్నే వచ్చి నా రాళ్ల కొట్టంలో కూర్చోవడం అలవాటైంది. ఊరికే కూర్చునే రకం కాదు. ఒకరోజు రాతిపొడి మీద వేలితో అ, ఆ రాశాడు.

"ఇన్నేండ్లు దేవుళ్లను చెక్కినావు. వాళ్ల పేర్లు చదవమంటే మాత్రం ఆకాశం చూస్తావు. సిగ్గు ల్యాదా పుల్లన్నా?" అన్నాడు.

అంతవరకు అక్షరం కూడా నాకు బొమ్మే. ఎవరో గీసిస్తారు, నేను చెక్కుతాను. ఏనుగు తొండం ఎంత వంపు తిరగాలో తెలిసినట్టే అక్షరం ఎంత వంపు తిరగాలో తెలుసు. అదేమంటుందో తెలియదు.

నంద్యాలలో ఏటా దసరా సెలవుల్లో హైస్కూలు పిల్లలకు మూడు రోజులు బాస్కెట్‌బాల్ పోటీలు జరుగుతాయి. మొదట్లో మగపిల్లలకే ఉండేవి. ఆడపిల్లలను ఆడనిచ్చిన మొదటి ఏడే మా ఆళ్లగడ్డ పిల్లలు గెలిచారు. ఆ పన్నెండు మందిలో నా కూతురు ఓబులమ్మ ఒకతె. గెలిచిన వాళ్ల పేర్లతో ఆట జరిగేచోట ఒక నల్లరాయి నిలబెట్టాలని వాళ్ల సారు అనుకున్నాడు. రాయి నాది, పని నాది, కూలి వద్దన్నాను.

సారు ఒక పెద్ద చార్టు మీద రాతి కొలతకే అక్షరాలు రాసిచ్చాడు. "పన్నెండు పేర్లు. నీ కూతురిది అందరికన్నా చివర" అన్నాడు. వరసలు లెక్కపెట్టుకున్నాను. పన్నెండూ ఉన్నాయి. మా పనిలో కాగితం వెనక జేగురు పూసి, రాతి మీద పరిచి, ముందువైపు అక్షరాల వెంబడి గీస్తాం. ఎర్రటి గీత రాతి మీద పడుతుంది. పూసేటప్పుడు వెనక ఏవో గీతలు కనిపించాయి. ఎవరో వాడి పారేసిన చార్టు అనుకుని వాటి మీదే పూసేశాను. పన్నెండో వరస నా బిడ్డది కదా, మిగతా పదకొండు కన్నా ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, లోతుగా కొట్టాను. అంచులు రెండుసార్లు నూరాను.

ఈ ఎండాకాలం పెట్టె సర్దుతుంటే ఆ చార్టు దొరికింది. చదువొచ్చిన మురిపెంతో పై నుంచి చదువుకుంటూ వచ్చాను. పదకొండు పేర్లు అయ్యాయి. పన్నెండో వరసలో "వెనక చూడు" అని ఉంది.

వెనక చూశాను. జేగురు కింద "ఓబులమ్మ" అని ఉంది.

అడుగున మిగిలిన చోటు రాతి కొలత అక్షరాలకు చాలక, సారు అక్కడ చిన్నగా ఆ మాట రాసి, పేరు వెనక రాశాడు. నేను సారు నాకు చెప్పిన మాటను రాతిలో కొట్టి, నా బిడ్డ పేరుకు ఎర్రమన్ను పూశాను. ఆ సారు చార్టు ఇచ్చి వారం తిరక్కముందే, రాయి నిలబెట్టకముందే బదిలీ మీద పోయాడు, ఇప్పుడు ఈ లోకంలోనే లేడు. పాతికేళ్లలో ఎవరూ నాకు చెప్పలేదు. ఓబులమ్మ కూడా చెప్పలేదు.

అందుకని ఈ దసరాకు రెండు ఉలులు, చిన్న సుత్తి, ఆ చార్టు సంచిలో పెట్టుకుని బయలుదేరాను. నా కుడిచేయి ఈమధ్య పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట చెప్తోంది. వచ్చే ఏటికి అసలు మాట వింటుందో లేదో.

ఆళ్లగడ్డ బస్టాండు

మాబుసాబు తోడొస్తానన్నాడు. ఎందుకని అడిగితే, "నీకు చదువు చెప్పింది నేను. ఈసారి తప్పు రాస్తే పేరు నాకొస్తాది" అన్నాడు.

బండి దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ప్లేటు ముప్పై రూపాయలు. పచ్చిమిరపకాయ బజ్జీలో మిరపకాయ కన్నా పిండి ఎక్కువ. ఆ మాట అంటే, బండామె తలెత్తకుండానే "కారం కావాలంటే చెప్పు పెద్దాయనా, మా అత్తను పిలుస్తా" అంది.

బస్సులో నా సంచి కండక్టరు కాలికి తగిలింది.

"ఏందిది, ఇంత బరువుంది?"

"ఉలులు."

"దేవుని చెక్కనీకె పోతాండావా?"

"ఒక పేరు చెక్కేది ఉంది."

"ఒక్క పేరుకు ఇద్దరా?" అని టికెట్లు చింపాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లకు ఇప్పుడు బస్సు ఉచితం. మాబుసాబు తన టికెట్టును అటూ ఇటూ తిప్పి చూసి, "చీర కట్టుకొచ్చింటే దుడ్లు మిగిలేవి" అన్నాడు. ముందు సీటులో ఉన్న ముసలామె వెనక్కి తిరిగి అతని గడ్డం చూసి, "నీకు ఎవురిస్తారప్పా చీర" అంది.

శిరివెళ్ల మెట్ట

ఇక్కడ బస్సు కాసేపు ఆగుతుంది. కుడిపక్క దూరంగా నల్లమల కనిపిస్తుంది. అడవి నుంచి దిగివచ్చిన ఒక చెంచు ఆమె సీతాఫలాల గంపతో ఎక్కి మా పక్కనే కింద కూర్చుంది. మాబుసాబు బేరం మొదలుపెట్టాడు. ఆమె ఒకటే ధర చెప్పి ఊరుకుంది. మా ఊళ్లో అయితే అమ్మేవాళ్లు దింపుతారు, కొనేవాళ్లు ఎక్కిస్తారు, మధ్యలో తెగుతుంది. ఈమె దగ్గర అదేం లేదు. "కొండెక్కి కోసుకో, ఊరికే వస్తాయి" అంది. అడిగినంతా ఇచ్చి నాలుగు తీసుకున్నాం.

యాడికి పోతున్నామని అడిగింది. నంద్యాలలో పిల్లల బంతాట చూడడానికి అని చెప్పాను.

"నీ బిడ్డ ఆడతాందా?"

"ఆడేది."

"ఇప్పుడు?"

"గోస్పాట్లో కలుపు తీస్తాంది."

ఆమె గంప సర్దుకుంది. దిగేటప్పుడు గంపలో నుంచి ఇంకొక పండు తీసి నా ఒళ్లో పెట్టిపోయింది. పగిలిన పండు. అన్నిటికన్నా అదే తియ్యగా ఉంది.

నంద్యాల, మొదటి రోజు

నంద్యాలలో టీ పది రూపాయలు, గ్లాసు మా ఊరి గ్లాసులో సగం. అయితే ఇక్కడ టీ కొట్టువాళ్లు కూర్చోమంటారు. మా ఊళ్లో నిలబడి తాగి పోవడమే. ఆటోలోంచి దిగేటప్పుడు మాబుసాబు చెప్పు తెగిపోయింది. మూడు రోజులూ దానికి తాడు కట్టుకునే తిరిగాడు. కొత్తది కొనమంటే, "పోయేటప్పుడు మన ఊళ్లో కుట్టిచ్చుకుంటా, నంద్యాల ధర నాకొద్దు" అన్నాడు.

ఓబులమ్మ ఆడిన రోజుల్లో కోర్టు మట్టి నేల. పొద్దున్నే నీళ్లు చల్లి, సున్నంతో గీతలు పోసేవాళ్లు. ఇప్పుడు సిమెంటు, మీద నీలం రంగు. మట్టి మీద బంతి దబ్బున పడేది. సిమెంటు మీద గట్టిగా మోగుతుంది. గేటు బయట ఉండగానే ఆ చప్పుడు విని నా కాళ్లు ఆగిపోయాయి. నా రాళ్ల కొట్టంలో ఉలి చప్పుళ్ల మధ్య ఓబులమ్మ బంతి కొట్టే చప్పుడు వేరుగా వినపడేది. రాతిపొడి లేస్తోందని ఎన్నోసార్లు తిట్టాను. తిడితే రెండు నిమిషాలు ఆపి మళ్లీ మొదలుపెట్టేది. ఆమె అత్తగారింటికి పోయాక కొట్టంలో పొడి లేవలేదు.

రాయిని చోటు మార్చారు. కొత్తగా కట్టిన ప్రహరీ పక్కన నిలబెట్టారు. కానీ గోడకూ రాయికీ మధ్య ఒక మూరెడు సందు వదిలారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. ముందువైపు పదకొండు పేర్లు కొంచెం అరిగాయి. పన్నెండో వరస మాత్రం నిన్న కొట్టినట్టుంది. "వెనక చూడు." అంత బాగా నేను ఇంకే అక్షరమూ కొట్టలేదు.

మొదటి ఆటకు మా ఆళ్లగడ్డ ఆడపిల్లలే దిగారు. దిగే ముందు పన్నెండు మందీ వరసగా వచ్చి, ఒకరి తర్వాత ఒకరు రాయి వెనక సందులోకి చెయ్యి పెట్టి తీశారు. వాళ్ల కెప్టెన్, పొడుగ్గా జడ పైకి ముడేసుకున్న పిల్ల. ఆ పిల్లను అడిగాను.

"ఏం చేస్తాండారు పాపా?"

"వెనక చూడు అని రాసుంది కదా తాతా. చూస్తే ఏమీ ఉండదు. చెయ్యి పెట్టాల. పెట్టినోళ్లు గెలుస్తారు."

"రెండు జట్లోళ్లూ పెడితే?"

"ఎవురు గట్టిగా పెడితే వాళ్లు."

"ఎవరు రాసినారంట ఇది?"

"ఎవురో పిచ్చోడంట. మా సీనియర్ అక్కోళ్లు చెప్పినారు."

మాబుసాబుకు దగ్గు వచ్చింది. "ఆ పిచ్చోణ్ని నేనే" అన్నాను. ఆ పిల్ల నా మొహం, నా సంచి చూసి, "సరేలే తాతా" అని నవ్వుతూ కోర్టులోకి పరుగెత్తింది. గెలిచారు కూడా.

పోటీలు నడిపే వ్యాయామం సారు నలభై ఏళ్లవాడు, గొంతులో ఎప్పుడూ విజిల్ ఉన్నట్టే మాట్లాడతాడు. చార్టు పరిచి సంగతంతా చెప్పాను. రాయి వెనక ఒక్క పేరు చెక్కుకోనివ్వమని అడిగాను. ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపాడు.

"వెనక ఖాళీగా ఉందని కదా పెద్దాయనా, పిల్లోళ్లు చెయ్యి పెడతాండేది. గోడ కట్టేటప్పుడు రాయిని ఆనించి పెడదామంటే ఒక్క పిల్ల ఒప్పుకోల్యా. ఆ సందు వాళ్లు కొట్లాడి పెట్టిచ్చుకున్నారు. తప్పు నీది కావచ్చు, రాయి మాత్రం ఇప్పుడు వాళ్లది."

"పేరు నా కూతురిది."

"ఆమెను అడిగినావా?"

అడగలేదు. అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి. ఆ మాట నాకు తట్టనే లేదు.

"అడిగిరాపో. ఆమె సరే అంటే నేను అడ్డం రాను" అన్నాడు. అతను చెప్పింది న్యాయం. అందుకే కోపం వచ్చింది.

గోస్పాడు

రెండో రోజు ఓబులమ్మ అత్తగారి ఊరు గోస్పాడు పోయాం. ఓబులమ్మ ఇంట్లో లేదు, మడిలో ఉంది. గట్టు మీద మమ్మల్ని చూసి, "ఏంది నాయనా, చెప్పకుండా వచ్చినావ్? ఒళ్లు బాగుందా?" అని అక్కడి నుంచే అరిచింది. నలభై ఏళ్ల మనిషి. కుచ్చిళ్లు మోకాళ్ల పైకి దోపుకుని, చేతినిండా కలుపుతో నిలబడింది. గట్టు మీదనే సద్ది విప్పింది. జొన్నరొట్టె, చెనిక్కాయలతో చేసిన ఊరిబిండి పచ్చడి. మా ఇంట్లో ఊరిబిండి మెత్తగా నూరతాం. ఇక్కడ పలుకు తగిలేటట్టు దంచుతారు. ఆమె వంట ఇప్పుడు మా ఇంటి వంట కాదు.

మాబుసాబు రొట్టె పట్టుకుని, కాలవ చూసి వస్తానని దూరంగా పోయాడు.

"పన్నెండో వరస చదివినా" అన్నాను.

ఆమె రొట్టె తుంచడం ఆపింది. "ఎప్పుడు?"

"ఎండాకాలం."

"నీకు ఆ చదువు రాకుంటేనే బాగుండేది నాయనా."

"ఎందుకు చెప్పల్యా?"

"ఏమని చెప్పాల? ఆ పొద్దు రాయి మీద గుడ్డ తీసినారు. నువ్వు చేతులు కట్టుకొని, దేవుని చూసినట్ల చూస్తాండావు. పిల్లోళ్లంతా చదివి నగుతాండారు. వాళ్లు సంతోషంతో నగుతాండారనుకొని నువ్వు కూడా నగుతాండావు."

అది నాకు గుర్తుంది. ఆడపిల్లల నవ్వు. ఓబులమ్మ ఒక్కతే రాయి వెనక్కి పోవడం కూడా గుర్తుంది. వెనక సరిగా నునుపు చేయలేదే, చూస్తుందేమో అని నేను సిగ్గుపడ్డాను.

"అప్పుడు వెనక్కి పోయి చెయ్యి పెట్టినా" అంది. "మా నాయన కావాలనే రాసినాడు, వెనక చెయ్యి పెట్టినోళ్లు గెలుస్తారు అని చెప్పినా. ఎందుకు నగుతారు మళ్ల? ఆ సాయంత్రం సరదాకు ఒక ఆట పెట్టినారు. అందరం చెయ్యి పెట్టి దిగినాం. గెలిచినాం. నమ్మేసినారు."

అంత కథా నన్ను దాచిపెట్టడానికి కట్టింది. దానికోసం గోడ కట్టేవాళ్లు మూరెడు సందు వదిలారు.

పేరు చెక్కుతానని చెప్పాను. "రా, దగ్గరుండి చూడు" అన్నాను.

"ఇప్పుడెందుకు నాయనా? పదో తరగతి అయినాక ఒక్క పొద్దు బంతి పట్టుకోల్యా నేను."

పట్టుకోనివ్వలేదు. పది అయ్యాక ఇంటర్లో చేర్చమని, పెద్ద పోటీలకు పంపమని ఆ పాత సారు బదిలీ మీద పోయే ముందు రెండుసార్లు ఇంటికొచ్చాడు. సంబంధం కుదిరింది, రెండెకరాల తడి భూమి, ఇంకేం కావాలి అని పంపించేశాను. మొగుడు మంచోడే, ఆమె ఏనాడూ కష్టం చెప్పుకోలేదు. ఇష్టం కూడా చెప్పుకోలేదు. నేను అడగలేదు. ఈ మాట రాయడానికి నాకు చదువు చెప్పలేదు మాబుసాబు, కానీ రాయాలి.

"ఇప్పుడు అడుగుతాండా. చెక్కాల్నా, వద్దా?"

చార్టు వెనకవైపు తిప్పి ఆమె ముందు పెట్టాను. జేగురు చాలావరకు రాలింది. సారు రాత కనిపిస్తోంది. ఆమె బురద వేలితో తన పేరు మీద మెల్లగా పోయింది. మొదటి అక్షరం మీద బురద మరక పడింది.

"చెక్కు. ఈ రాతే చెక్కు. నేను మాత్రం రాను."

"ఎందుకు?"

"కూర్చోని చూసేదాన్ని కాదు నేను" అంది. లేచి మడిలోకి దిగింది. దిగాక అటు తిరిగే అడిగింది.

"నేల ఇంకా మన్నేనా?"

"సిమెంటు పోసినారు."

"బంతి బాగా లేస్తాదా?"

"లేస్తాది."

కలుపు కట్ట చేతిలోకి తీసుకుంది. గట్టు మీద కుప్ప చాలా దూరం. తలపైకి రెండు చేతులూ ఎత్తి, మునివేళ్లతో విసిరింది. కట్ట గాలిలో వంపు తిరిగి కుప్ప నడుమ పడింది. పడిందో లేదో ఆమె చూడలేదు. వంగి పనిలో పడింది.

మళ్లీ నంద్యాల

మూడో రోజు ఫైనల్ మధ్యాహ్నం. పొద్దున్నే వ్యాయామం సారుకు ఆమె మాట చెప్పాను. తాళంచేతులు జేబులో వేసుకుని, "ఆట మొదలుకాక ముందే కానీ" అన్నాడు.

మూరెడు సందు. అడ్డంగా దూరాను. తల తిప్పడానికి లేదు. సుత్తి జానెడు కన్నా ఎక్కువ లేవదు. ఆమె పేరున్న ముక్కను చార్టులోంచి కోసి, ఈసారి జేగురు అవతలి వైపు, పదకొండు పేర్లున్న వైపు పూశాను. రాయికి అదిమి చేత్తో తడుముకుంటూ గీశాను. గీత పడిందో లేదో కనిపించదు. మాబుసాబు ఫోను లైటు సందులోకి పెట్టి, "కడుపు లోపలికి పీల్చు, ఉలికి నీడ పడతాంది" అంటున్నాడు.

చదువు రానప్పుడు ప్రతి అక్షరం కళ్లారా చూస్తూ కొట్టాను. చదువొచ్చాక ఒక్క అక్షరమూ చూడకుండా కొట్టాల్సి వచ్చింది. నాలుగు దెబ్బలు, ఒకసారి వేలితో తడమడం. మళ్లీ నాలుగు దెబ్బలు. 'ఓ' దగ్గర చేయి మాట విన్నది. 'బు' దగ్గర వణికింది. కొమ్ము కాస్త పక్కకు పోయింది. చివరి అక్షరం అయ్యేసరికి మోచేయి రక్కుకుపోయి నెత్తురు వచ్చింది. ఒక నూలు లోతు అనుకున్నాను. అర నూలే కుదిరింది. బయటికి వచ్చి, చెయ్యి లోపల పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చదువుకున్నాను. కనిపించదు. తగులుతుంది.

ఫైనల్ మా ఆళ్లగడ్డకూ వెలుగోడుకూ. ఆట మొదలయ్యే ముందు ఓబులమ్మకు ఫోన్ చేశాను. "అయిపోయింది" అని చెప్పబోయాను.

"మాట్లాడొద్దు నాయనా. ఫోను అట్లే అటు పట్టుకో" అంది.

పట్టుకున్నాను. కెప్టెన్ పిల్ల వచ్చి సందులో చెయ్యి పెట్టి, తేలు కుట్టినట్టు లాక్కుంది. "ఏందో ఉందే ఈడ." మళ్లీ పెట్టింది. ఈసారి మెల్లగా. నేను రాతిపొడి మీద నేర్చుకున్నట్టే, వేలితో ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది. "ఓ... బు... ల... మ్మ." చెయ్యి తీసి అందరి వైపు తిరిగింది. "ఓబులమ్మంట. ఎవురీమె?"

"పన్నెండో ఆమె" అన్నాను.

ఆ పిల్ల ముందుకొచ్చి రాతి మీద పేర్లు లెక్కపెట్టింది. పదకొండు. నా వైపు చూసింది, నా మోచేయి చూసింది. ఈసారి నవ్వలేదు. తర్వాతి పిల్ల చెయ్యి పెట్టి, పేరు పైకి చదివింది. ఆ తర్వాతి పిల్లా అంతే. మేమెందుకు ఊరుకోవాలని వెలుగోడు పిల్లలు కూడా వచ్చి చదివారు. ఇరవై నాలుగు గొంతులు. ఫోను రాయి దగ్గరే పట్టుకుని నిలబడ్డాను. అవతల ఆమె మడిలో ఉందో, గట్టు మీద ఉందో తెలియదు.

ఆట అయ్యేదాకా ఆమె ఫోను పెట్టలేదు. నేను చేతులు మార్చి మార్చి పట్టుకున్నాను. ఆళ్లగడ్డ ఓడిపోయింది. ఒక్క బుట్ట తేడా. కెప్టెన్ పిల్ల చెమట తుడుచుకుంటూ నా ముందు నుంచి పోతూ, "పేరు రాసి మా అదృష్టం చెడగొట్టినావు తాతా" అంది. రెండడుగులు పోయి వెనక్కి తిరిగింది. "వచ్చే ఏడు ఆయమ్మను తోడుకొని రా. ఎట్ల ఆడేదో అడగాల."

ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఆఖరు బంతి రింగుకు తగిలి బయటికి పోయింది కదా నాయనా?" అంది ఓబులమ్మ.

"నీకెట్ల తెలుసు?"

"చప్పుడు వినపడింది. తొందరపడింది ఆ పిల్ల. మోకాళ్లు వంచకుండా ఏసింటాది."

"విన్నావు కదా, వచ్చే ఏడు రమ్మంటాంది."

"దసరాకు కలుపు ఉంటాది నాయనా." మళ్లీ తనే అడిగింది. "ఎంత లోతు కొట్టినావు?"

"అర నూలు."

"చాల్లే" అంది.

చాల్లే అంది గానీ ఫోను పెట్టలేదు. జనం పోతున్నారు. మాబుసాబు నా సంచి భుజాన వేసుకుని, తాడు కట్టిన చెప్పుతో గేటు దగ్గర నిలబడ్డాడు. ఓడిపోయిన పిల్లల్లో ఒకతె మాత్రం కోర్టు వదలకుండా, ఆఖరున బంతి వేసిన చోటే నిలబడి మళ్లీ మళ్లీ వేస్తోంది. నేను ఫోను అటు తిప్పి పట్టుకున్నాను.